ఎండ వంతు

చెట్టు మొదలుకు గోనెపట్టా చుట్టి, తాళ్లు బిగించి, క్రేనుతో పైకి లేపుతున్నారు. అదే సమయంలో దాని కింద ఉన్న ముసలి రోసమ్మ ఇస్త్రీ బండిని ఇద్దరు కూలీలు రోడ్డు అవతలికి ఈడ్చుకుపోయారు. ఇస్త్రీపెట్టెలోని నిప్పులు కంకర మీద ఒలికిపోయాయి. వేర్లకు దెబ్బ తగలకూడదని కాంట్రాక్టరు తాలూకు ఇంజినీరు వేణుమాధవ్ పక్కనే నిలబడి జాగ్రత్తలు చెబుతున్నాడు. ముసలిదాని పొట్ట మీద దెబ్బ పడుతోందని చెప్పేవాడు మాత్రం ఆ రోజు బొల్లారం రోడ్డు మీద ఒక్కడూ లేడు.

కాలేజీ పిల్ల లాస్య ఉంది గానీ, చెప్పే ముఖం ఆమెకు లేదు. ఆ రోడ్డు మీది చెట్లను తరలించమన్నది ఆమె జట్టే.

రోడ్డు వెడల్పు కోసం నిద్రగన్నేరు చెట్లన్నీ కొట్టేస్తారని తెలిసినప్పుడు కాలేజీ పిల్లలు అట్టలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. 'నరకొద్దు, తరలించండి' అని గొంతులు పోయేలా అరిచారు. కాంట్రాక్టరు వెంటనే ఒప్పుకున్నాడు. అంత వెంటనే ఎందుకు ఒప్పుకున్నాడో ఆలోచించే ఓపిక ఎవరికీ లేకపోయింది. కేకు కోశారు. నేరేడ్‌మెట్ నుంచి రోజూ బస్సెక్కి వచ్చే లాస్య ఆ రోజు తన నవలలోంచి కొంత చదివి వినిపించింది. నవలంటే మొత్తం కవితలే. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, వాళ్లు కాపాడిన చెట్లు. ముక్కలు ముక్కలుగా ఫోన్లో పెడుతుంటే చదివిన వాళ్లంతా మురిసిపోయారు. ఆ అబ్బాయి రోసమ్మ కొడుకు ఐజాక్ అని అందరికీ తెలుసు.

తరలించిన చెట్లు ఊరి బయట ఖాళీ జాగాలో మోళ్లై నిలబడ్డాయి. ఒక్కటి కూడా చిగురించలేదు. రోడ్డు మీద ఇక ఒకే చెట్టు మిగిలింది.

"గెలిచినమని కేకు కోస్తిరి గదా," అన్నాడు ఐజాక్, బట్టల మూట దించుతూ.

"చెట్లు బతకాలనే కదా అడిగినం."

"చెట్టును అడిగిండ్రు. నీడను అడగలే. నీ కవితల నేను చెట్టుకింద నిలబడి నవ్వుతుంటా. మా అమ్మ యాడ సుత లేదు. ఇంటింటికి మూటలు మోసెటోనికి నిలబడి నవ్వే టైమ్ యాడిది లాస్యా?"

ఆమె తల దించుకుంది. "నన్ను వదిలేస్తవా?" అంది.

"అంత ఓపిక సుత లేదు నాకు," అని మూట విప్పాడు. అతని కోపం తగ్గలేదు, కానీ చెప్పింది నిజమే. అలసిపోయిన మనిషికి విడిపోవడం కూడా ఒక పనే.

మిగిలిన ఆ చెట్టు కిందికే బండ్లన్నీ చేరాయి. రోసమ్మ ఇస్త్రీ, సోమయ్య చెప్పుల పని, నాంచారమ్మ కొబ్బరి బోండాలు. నీడ అందరికీ చాలదు. నీడ చాలని చోట ఆ రోడ్డు వాళ్లకు మొదటి నుంచీ ఒక పద్ధతుంది. కొందరు నీడలో పని చేస్తే కొందరు ఎండలో చేస్తారు, కాసేపటికి జాగా మార్చుకుంటారు. దానికి ఎండ వంతు అని పేరు. వంతు ఎగ్గొట్టిన వాడితో ఎవరూ మాట్లాడరు.

ఆ చెట్టును కూడా ఎత్తుకుపోతారని తెలిసిన సాయంత్రం అక్కడే మీటింగ్ పెట్టారు. విద్యార్థుల నాయకుడు భానుప్రకాశ్ కోర్టుకు పోదామన్నాడు.

"పోదాం బాబూ, వద్దంటలేను," అన్నాడు సోమయ్య. "తీర్పొచ్చేదాంక క్రేను ఆగుతదా?"

రోసమ్మ ఇస్త్రీపెట్టె దించి పెట్టింది. చివరికి అంది: "బండ్లు చెట్టు సుట్టూ పెడదాం. నీడ ఎటు తిరిగినా బండి కదలొద్దు. వంతులు ఉండనే ఉన్నయి. మనుషులం మారుదాం."

"ఈ ఎండల? వడదెబ్బ తగుల్తది," అన్నాడు భానుప్రకాశ్.

"దినమంతా నిప్పుల కాడ నిలబడేదానికి చెప్తున్నవా?" అంది నాంచారమ్మ. ఎవరూ నవ్వలేదు. అందరికీ ఒళ్లు హూనమై ఉంది.

లాస్య మెల్లగా అడిగింది: "మాకు సుత వంతు ఇస్తరా?"

సోమయ్య ఆమెను ఎగాదిగా చూసి, "మిట్టమధ్యాహ్నం ఖాళీ ఉంది," అన్నాడు.

మర్నాడు క్రేను వచ్చింది, వెనకాల పోలీసు వ్యాను వచ్చింది. బండ్ల మధ్య సందు దొరక్క వేణుమాధవ్ చెమట తుడుచుకుంటూ తిరిగాడు.

"చెట్టును చంపుతలేం కదా, షిఫ్ట్ చేస్తున్నం. గీ పిల్లలే అడిగిండ్రు," అని లాస్యను చూపించాడు.

"అడిగినం సార్. తప్పు అడిగినం," అంది లాస్య. "చెట్టు ఈడనే ఉండాలె. దాని కింద వీళ్లు ఈడనే ఉండాలె. ఇప్పుడు అడిగేది గిది."

పోలీసులు ముందు ఎండ పక్క నిలబడిన వాళ్లనే పట్టారు. అప్పుడు అక్కడ ఐజాక్ ఉన్నాడు. అతన్ని చొక్కా పట్టి లాక్కెళ్లి వ్యానులో పడేశారు. అతని చోటు ఖాళీ అయింది. క్రేను డ్రైవరు ఇంజను జోరు పెంచాడు. లాస్య పోయి ఆ చోట నిలబడింది.

కాళ్ల కింద తారు మెత్తబడింది. ఆమెకు తల తిరుగుతోంది, ఇంటికి పోయి పడుకోవాలని ఉంది. అంతకన్నా గొప్ప ఆలోచనేదీ ఆ నిమిషంలో రాలేదు. రోసమ్మ తువ్వాలు తడిపి ఆమె నెత్తిన వేసింది.

"ఫోన్ల మావాని గురించి రాసినవంట గదా. నాకు చదువు రాదు, సోమయ్య చదివి చెప్పిండు. నేను లేనంట దాంట్ల."

"రాస్తా ఆంటీ."

"రాసుడు తర్వాత బిడ్డా. ముందుగాల నిలబడు."

లాస్య నిలబడింది. పోలీసులు ఆమె రెక్క పట్టుకునే దాకా నిలబడింది. ఆమె అడుగు పక్కకు పడకముందే సోమయ్య కుంటుకుంటూ వచ్చి అక్కడ నిలబడ్డాడు. అతని వెనక నాంచారమ్మ, ఆమె వెనక భానుప్రకాశ్ వరస కట్టారు. వంతు అడగకుండానే ఇంకెవరెవరో వచ్చి చేరారు. బస్సు కోసం ఆగిన వాళ్లు కూడా ఉన్నారందులో. పొద్దున లాస్య అట్ట మీద రాసిన మాటల్ని నాంచారమ్మ బొంగురు గొంతుతో ఎత్తుకుంది.

చెట్టు లారీ ఎక్కెనంట,
నీడ యాడ దిగిందో చెప్పుండ్రి,
రోసమ్మ నెత్తి మీది ఎండను
ఏ లారీల తీస్కపోతరో చెప్పుండ్రి.

తన పేరు వినబడి రోసమ్మ ఒక్కసారి తలెత్తింది. తర్వాత ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసింది. క్రేను వెనక్కి పోలేదు, ముందుకూ రాలేదు.

వ్యానులో ఐజాక్ చిట్లిన పెదవితో కూర్చున్నాడు. లాస్యను కూడా అందులోకి ఎక్కిస్తుంటే చూసి లేచాడు.

"ఇటు కూసో. ఆ కిటికీ కాడ ఎండ కొడ్తది."

"జరుగు," అంది లాస్య, ఎండ పడుతున్న సీట్లో కూర్చుంటూ. "నా వంతు ఇంక అయిపోలే."