ఆశాజ్యోతి సాక్ష్యం

పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఆశాజ్యోతికి లేకుండా పోయిందని, ఆ ఓపిక మళ్లీ ఇమ్మని దేవుణ్ణి అడగడానికి సంఘం ఆడవాళ్లంతా ఆ శుక్రవారం వాళ్లింటికి వస్తున్నారు. వచ్చేవాళ్లకి వంట ఆశాజ్యోతే చెయ్యాలి. పేరుకి ఉపవాస కూడికే, కాదనడం లేదు. కానీ ఆ ఉపవాసం మధ్యాహ్నం ఒంటిగంటకి విడుస్తారు. విడిచినవాళ్లని ఉత్త మంచినీళ్లిచ్చి పంపిస్తే ఇంటికి మర్యాద కాదు. అందుకని ఆమె తెల్లవారకుండానే లేచి చింతపండు నానబెట్టింది, కందిపప్పు ఉడకేసింది, సొరకాయ ముందేసుకుని కూర్చుంది. కూర్చుందే గానీ కత్తి కదల్లేదు.

"ముప్పైమంది దాకా వస్తారు, అటక మీద పెద్ద గిన్నె దింపు," అంది అత్తగారు పాపాయమ్మ గుమ్మంలోంచి. "నీకోసమే కదమ్మా వస్తున్నారు."

నిజమే, ఆమె కోసమే వచ్చారు. హాల్లో చాపలు పరిచి, ఆశాజ్యోతిని మధ్యలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తల మీద చేతులు పెట్టి కన్నీళ్లతో ప్రార్థన చేశారు. ఆ కన్నీళ్లలో అబద్ధం లేదు. పాపాయమ్మకి షుగరుంది, పస్తుంటే కళ్లు తిరుగుతాయి, అయినా రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆశాజ్యోతి మాత్రం కళ్లు మూసుకుని సాంబారు గురించి ఆలోచించింది. సిమ్‌లో పెట్టానా, లేదా? అడుగంటిందంటే ఇంతమందికి మళ్లీ ఏం పోస్తాను? ప్రార్థన అయ్యాక వడ్డించింది. ఒకావిడ పులిహోర నోట్లో పెట్టుకుని, "బాగుందమ్మా, పులుపే కాస్త తగ్గింది," అంది. ఇంకొకావిడ ఆమె గడ్డం పట్టుకుని, "మొహం ఎలా పీక్కుపోయిందో! ఒంటికి విశ్రాంతి ఇవ్వాలి తల్లీ," అని మజ్జిగ పొయ్యమంది. అందరూ వెళ్లాక ఆమె ప్లేట్లన్నీ పెరట్లో పడేసి తోముకుంది.

ఇదంతా ఆశాజ్యోతి తల్లి మరిడమ్మ పోవడంతో మొదలైంది. మరిడమ్మది రావులపాలెం అవతల పల్లె. బాప్తిస్మంలో మరియమ్మని పేరు మార్చారు గానీ ఊరు ఆ మార్పుని పట్టించుకోలేదు. కూలికెళ్లి, నాట్లేసి, కూతుర్ని డిగ్రీ దాకా చదివించింది. కూతురు పెళ్లయి రామచంద్రపురం వచ్చేసినా రోజూ ఫోను చేసేది. చేసి పెద్దగా చెప్పేదేమీ లేదు. "తిన్నావా?" అనేది, "ఏం కూర?" అనేది, పెట్టేసేది. అత్తగారింట్లో తిన్నారా అని అందరినీ ఆశాజ్యోతి అడుగుతుంది. ఆమెను అడిగే మనిషి ఆ ఒక్కతే. ఈస్టరు వెళ్లిన వారంలో మరిడమ్మ నిద్రలోనే పోయింది. సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు, ఆమె ప్రభువు సన్నిధికి చేరింది గనుక ఏడవక్కర్లేదన్నారు. పోయినవాళ్ల ఇంట్లో జరిపే ఆదరణ కూడిక కూడా అయ్యాక, తిరుగు ప్రయాణంలో, ఆటోలో పాపాయమ్మ అంది: "మనకి మైలలూ గట్రా లేవు కదమ్మా. రేపట్నించీ అబ్బాయికి క్యారేజీ కట్టెయ్యొచ్చు."

మైల పట్టే ఇంట్లో పుట్టి ఉంటే నాలుగు రోజులు పొయ్యి తప్పేదేమో అని ఆశాజ్యోతికి అనిపించింది. అలా అనిపించినందుకు ఆటోలోనే ప్రభువుని క్షమాపణ అడిగింది.

మర్నాడు క్యారేజీ కట్టింది. ఆ మర్నాడూ కట్టింది. ఏడుపు రాలేదు. ఏడుపొస్తే బాగానే ఉండేది, ఎవరో ఒకరు చూసేవాళ్లు. ఆమెకి వచ్చింది వేరే. బియ్యం కడిగి కుక్కరులో పెట్టి, స్టవ్ వెలిగించడం మరిచిపోయి, దాని ముందే నిలబడేది. రాత్రి నిద్ర లేదు, పొద్దున్న మెలకువ లేదు. స్నానం చెయ్యాలంటే ఎక్కడికో ప్రయాణం కట్టాల్సినంత బరువనిపించేది. తను పనిచేసే ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లల అటెండెన్సు కంప్యూటర్లో ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒక సెక్షను మొత్తానికి ఆబ్సెంటు కొట్టేసింది. కాలువ గట్టు మీద కాలేజీకి నడిచేటప్పుడు నీళ్ల వైపు చూడకుండా నడవడం నేర్చుకుంది. అలా ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందో మాత్రం తనకి తాను కూడా చెప్పుకోలేదు.

ఇంట్లోవాళ్లకి ఇవేవీ కనపడలేదు. కనపడింది ఉప్పు. "పప్పులో ఉప్పేదీ?" అన్నాడు సాల్మన్. ఆయన మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు, చెడ్డవాడేమీ కాదు, వేళకి కంచం ముందుంటే ఎవరి జోలికీ పోడు. "నెలలు గడుస్తున్నాయి ఆశా, ఇంకా ఏంటిది? అమ్మానాన్నలు పోనివాళ్లెవరు? మా నాన్న పోయినప్పుడు నేను ఆఫీసుకెళ్లలేదా?" వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వేడి క్యారేజీ పట్టుకుని వెళ్లాడు. ఇంటికొచ్చిన పరామర్శ చుట్టాలకి పొద్దస్తమానం టీలెవరు కాచారో, దుప్పట్లెవరు ఉతికారో ఆయనకి గుర్తు లేదు. మనిషి జబ్బు పడిందని ఆ ఇంటికి తెలిసింది వంట చెడ్డాకే. అప్పుడు పాపాయమ్మ సంఘంలో చెప్పింది. మూడు శుక్రవారాలు కూడిక పెట్టారు. మూడింటికీ ఆశాజ్యోతే కాలేజీకి సెలవు పెట్టి వండింది.

మొదటి కూడిక మర్నాడు కాలేజీలో ఆమె పక్క టేబులు వీరవేణితో ఆ సంగతి నవ్వుతాలుగా చెప్పబోయింది. "నా జబ్బు తగ్గాలని వచ్చినవాళ్ల ప్లేట్లు తోమేసరికి నడుం పడిపోయింది వేణీ," అని నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. ఆగక ఆగక అది నవ్వు కాకుండా పోయింది. వీరవేణి తలుపు దగ్గరగా వేసొచ్చి కుర్చీ లాక్కుంది.

"డాక్టరు దగ్గరికెళ్లు."

"జ్వరం లేదు, నొప్పి లేదు. ఏమని చెప్పనే?"

"ఇప్పుడు నాతో చెప్పావు చూడు, అదే చెప్పు. మా అన్నయ్యకి ఇలాగే అయితే కాకినాడ తీసుకెళ్లాం. లేడీ డాక్టరే. మంచిగా వింటది."

"పిచ్చి డాక్టరా?"

"పిచ్చెక్కకుండా చూసే డాక్టరు," అంది వీరవేణి. "మంగళవారం సెలవు పెట్టు. అటెండెన్సు నేను చూస్తాను."

డాక్టరు శ్రీసుధ వయసులో ఆశాజ్యోతి కంటే చిన్నదే. ఎందుకొచ్చారని అడగలేదు. రోజూ ఏమేం చేస్తారో చెప్పమంది. అది సులువు గనుక ఆశాజ్యోతి చెప్పింది. పాలు, టిఫిను, రెండు క్యారేజీలు, అత్తగారి మందులు, కాలేజీ, సాయంత్రం మళ్లీ వంట, బట్టలు, ఆదివారం బడి పిల్లలకి పాటలు, శుక్రవారం కూడిక వంట. నిద్ర లేకపోవడం, కాలువ నీళ్లు, అవీ మధ్యలో ఎక్కడో దొర్లిపోయాయి. నీళ్ల దగ్గర డాక్టరు ఆపింది. మెల్లగా, తిప్పి తిప్పి అడిగింది. ఆశాజ్యోతి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఇంత బాధలోనూ ఈ పనులన్నీ చేస్తూనే ఉన్నారా?" అంది శ్రీసుధ.

"చెయ్యకపోతే ఎవరు చేస్తారండి?"

"నేనూ అదే అడుగుతున్నానండి."

దీన్ని డిప్రెషన్ అంటారని, షుగరూ బీపీ లాగే ఇదీ జబ్బేనని, అమ్మ పోయిన దుఃఖం వేరు, ఇది వేరని, రెండూ కలిసి మీద పడ్డాయని డాక్టరు చెప్పింది. మాత్రలు రాసింది. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుందని, బాగుందనిపించినా తనతో చెప్పకుండా ఆపొద్దని చెప్పింది. నీళ్ల వైపు చూడాలనిపిస్తే ఎంత రాత్రయినా ఫోను చెయ్యమని నంబరిచ్చింది. వారం వారం వచ్చి మాట్లాడమంది.

ఆ మాత్రలు ఆమె పోపుల డబ్బాలో, మెంతుల కింద దాచింది. ఆ ఇంట్లో తను తప్ప ఇంకెవరూ మూత తియ్యని చోటు అదొక్కటే. అయినా బ్యాగులో మందుల చీటీ సాల్మన్ కంట పడింది. ఆయన కేకలెయ్యలేదు. మంచం చివర కూర్చుని చాలా నెమ్మదిగా అన్నాడు: "వేసుకుంటే వేసుకో. అమ్మకి మాత్రం తెలియనివ్వకు. సంఘంలో తెలిస్తే నేను తలెత్తుకోలేను. సాల్మన్ పెళ్లానికి మతి చెడిందంటారు." వద్దనలేదు గదా, అదే పదివేలనుకుంది ఆశాజ్యోతి. అలా అనుకున్నందుకు తర్వాత తన మీద తనకే ఒళ్లు మండింది. ఒళ్లు మండటం కూడా కొత్తే. అప్పటికి కొన్నాళ్లుగా ఆమెకి ఏ మంటా లేదు.

మాత్రలు వేసుకుంటే ఏడుపు ఆగుతుందనుకుంది. ఏడుపు అప్పుడే వచ్చింది. ఒక మధ్యాహ్నం గోంగూర ఒలుస్తుంటే అమ్మ గుర్తొచ్చి, పెరట్లో పీట మీద కూర్చుని, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ రాత్రి నిద్రపట్టింది. తర్వాత ఒకరోజు చేపలమ్మే ఆవిడతో గట్టిగా బేరమాడింది. ఇంకొకరోజు టీవీ సౌండు తగ్గించమని సాల్మన్‌ని కసిరింది. పప్పులో ఉప్పు పడింది.

ఉప్పు పడేసరికి పాపాయమ్మ పొంగిపోయింది. "మూడంటే మూడు శుక్రవారాలు!" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆవిడ అబద్ధమాడలేదు. ఆవిడకి తెలిసిందే అంత. అయ్యగారు విని, వచ్చే ఆదివారం ఆరాధనలో ఆశాజ్యోతి నిలబడి సాక్ష్యం చెప్పాలన్నారు. దేవుడు చేసిన మేలుని పదిమందిలో చెప్పుకోవడం వాళ్ల సంఘంలో ఎప్పుడూ ఉన్న ఆనవాయితీ. కాదంటే తప్పు.

"రెండు ముక్కలు చెప్పి కూర్చో," అన్నాడు సాల్మన్. "కాకినాడ ఊసెత్తకు."

ఆ రెండు ముక్కలూ చెప్పేద్దామనే ఆశాజ్యోతి కూడా అనుకుంది. ఎవరికి నష్టం? అత్తగారి మనసు నిండుతుంది, మొగుడి పరువు నిలుస్తుంది, మాత్రలు మెంతుల కింద ఉంటాయి. శనివారం సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పాపాయమ్మ చెప్పిన మాటతో అదంతా తారుమారైంది.

"నీ సాక్ష్యం అందరికంటే సత్యకుమారికి పనికొస్తదమ్మా. సంఘపెద్ద గారి కోడలు లేదూ, ఆ పిల్ల. తండ్రి పోయిన దగ్గర్నించీ సరిగ్గా తినదు, మాట్లాడదు. పైగా, నన్ను కాకినాడ తీసుకెళ్లండి, డాక్టరుకి చూపించండని ఏడుపంట. వాళ్లత్తగారు నన్నడిగింది. మా కోడలి సాక్ష్యం వినిపించండి, డాక్టర్ల పిచ్చి దానంతటదే వదుల్తదని చెప్పాను. ఈ శుక్రవారం నుంచీ కూడిక వాళ్లింట్లోనే."

ఆశాజ్యోతి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"వంటెవరు చేస్తారత్తయ్యా?"

"ఇంకెవరు? ఆ పిల్లే."

ఆ రాత్రి ఆమె పాపాయమ్మ కాళ్లకి నూనె రాస్తూ చాలాసేపు ఆవిడ మొహం చూసింది. తన కోసం కళ్లు తిరిగేదాకా పస్తున్న మనిషి. తల్లి పోయాక తన తల మీద ప్రేమగా చెయ్యి పెట్టినవాళ్లలో ఈవిడా ఉంది. రేపు తను నోరు విప్పితే ఈవిడ సంఘంలో చిన్నబోతుంది, మొగుడు ఎన్నాళ్లు మాట్లాడడో తెలీదు. విప్పకపోతే ఒక పిల్ల ముప్పైమందికి చింతపండు నానబెడుతుంది. ఆ పిల్ల ఇంటి వెనక కూడా కాలువే.

ఆదివారం ఆరాధనకి గుడి నిండింది. అయ్యగారు పిలవగానే ఆశాజ్యోతి ముందుకెళ్లి మైకు పట్టుకుంది. ఆడవాళ్ల వైపు మూడో వరసలో, తన అత్తగారి పక్కన, సత్యకుమారి చాప అంచుని గోళ్లతో గీకుతూ కూర్చుంది.

"సంఘానికి వందనాలండి. మా అమ్మ చనిపోయాక నాకు జబ్బు చేసింది."

"స్తోత్రం," అంది సంఘం. సాక్ష్యంలో ప్రతి వాక్యానికీ స్తోత్రం అనడం వాళ్లకి అలవాటు.

"మా అత్తయ్యగారు షుగరు పెట్టుకుని నాకోసం మూడు శుక్రవారాలు పస్తున్నారు. బతికున్నన్నాళ్లూ ఆ ప్రేమ మర్చిపోను."

"స్తోత్రం!" పాపాయమ్మ గొంతు అందరికంటే పైకి వినపడింది.

"ఆ మూడు శుక్రవారాలూ వచ్చినవాళ్లందరికీ నేనే వండాను. ఒంట్లో ఓపిక లేదనే కదా వచ్చారు. ఓపిక లేని మనిషి చేత వండించకూడదని మనలో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు."

"స్తో..." అని సగంలో కొందరు ఆగారు.

"కాకినాడలో డాక్టరు గారి దగ్గరికెళ్లాను. మాత్రలిచ్చారు. వాటితో తగ్గింది. ఈ పొద్దున్న కూడా వేసుకునే వచ్చాను."

మగవాళ్ల వైపు సాల్మన్ తల దించుకుని చెప్పుల్లేని తన కాళ్లని చూసుకుంటున్నాడు. పాపాయమ్మ నోరు తెరుచుకునే ఉంది. అయ్యగారు గొంతు సవరించుకుని, మైకు అందుకోవడానికి రెండడుగులు ముందుకొచ్చారు. ఆశాజ్యోతి మైకు మాత్రం వదల్లేదు.

"సత్యకుమారీ, మంగళవారం పొద్దున్న నేను మళ్లీ కాకినాడ వెళ్తున్నాను. నువ్వూ నాతో రా. శుక్రవారం మీ ఇంట్లో కూడిక జరగనీ, నేనూ వస్తాను, నీకోసం మోకరిస్తాను. ఆ రోజు మాత్రం ఎవరి అన్నం వాళ్లు తెచ్చుకుంటారు. నువ్వు పొయ్యి వెలిగించకు."

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో ఒక్కరే "స్తోత్రం" అన్నారు. తలలన్నీ అటు తిరిగాయి. సత్యకుమారి అత్తగారి చెయ్యి విడిపించుకుని లేచి నిలబడి ఉంది.