పూర్ణిమక్క రాసిన ఉత్తరాలు

పుట్టుకతో నేను మగవాణ్ణి, వృత్తిరీత్యా ఆడదాన్ని. ఈ మాట ఏ సభలోనైనా అంటే జనం పగలబడి నవ్వేవాళ్ళే. కాని సభలకు నన్నెవరూ పిలవరు. పిలిచేది పూర్ణిమాదేవిని. ఆవిడ వెళ్ళదు. వెళ్ళడానికి ముందు ఉండాలి కదా!

అసలు పేరు సాంబమూర్తి. ఇరవయ్యేళ్ళు హాస్యం రాశాను. నా హాస్యానికి నవ్వు కాస్త ఆలస్యంగా వస్తుందని నా నమ్మకం. ఆ ఆలస్యంలో నా రెండు పుస్తకాలు చెదలు తినేశాయి. ఆసాంతం, అట్టతో సహా. అంత శ్రద్ధగా నన్ను ముగించిన పాఠకులు మళ్ళీ దొరకలేదు.

అప్పుడు చౌడయ్య పిలిచాడు. 'చామంతి' వారపత్రికకు ఆయనే యజమాని, ఆయనే సంపాదకుడు. తాతల కాలం నుంచీ మగ్గం మీద బతికిన కుటుంబం. బీసెంటు రోడ్డులో బట్టలకొట్టు తమ్ముడికి అప్పగించి తను పత్రిక పెట్టాడు. కథని కూడా గజాల్లోనే కొలుస్తాడు.

"మగాడు రాసిన ప్రేమ ఎవరిక్కావాలండీ సాంబమూర్తిగారూ? అద్దె లైబ్రరీకెళ్ళి చూడండి. ఆడపేరుంటే అట్ట చిరిగేదాకా తిరుగుద్ది. మగపేరుంటే అట్టే ఉంటది."

వాళ్ళది నేత, నాది రాత. బేరం కుదిరింది. మా ఆవిడ సంపూర్ణమ్మ పేరుని ఆయనే కత్తిరించాడు. 'సం' తీసేసి, 'పూర్ణ'కి 'ఇమ' కుట్టి, 'దేవి' అని అంచు వేశాడు. పెళ్ళయిన కొత్తల్లో తీయించుకున్న ఆవిడ ఫొటో ఒకటి పట్టుకుపోయి అచ్చు వేశాడు. భర్త అంటే భరించేవాడని నిఘంటువులో ఉంటుంది. మా ఇంట్లో ఆ పని కూడా ఆవిడే చూసుకునేది.

డెబ్భై నాలుగు నాటికి పూర్ణిమాదేవి ఎనిమిది నవలలు కన్నది. కాన్పులన్నీ సత్యనారాయణపురంలో మా వంటింటి గుమ్మం దగ్గరే. పొద్దున్నే కాఫీ తాగి, ఒళ్ళో రాతపలక పెట్టుకుని ఆ గుమ్మానికి చేరబడేవాణ్ణి. లోపల పోపు వేగుతుంటే గాని నాకు విరహం వేగదు. ఆరడుగుల హీరో, నేనేమో ఆరడుగులు వేస్తే ఆయాసపడే మనిషిని. ఆడమనసు తెలియక ఆగిపోయినప్పుడల్లా లోపలికి కేక వేసేవాణ్ణి.

"ఏమేవ్, కోపమొస్తే ఆడది ఏం చేస్తుందే?"

"గిన్నెలు తోముద్ది."

హీరోయిన్ గిన్నెలు తోమితే చౌడయ్య నన్ను తోముతాడు. అందుకని వీణ వాయించేది.

నాలుగో నవలకే నా దగ్గర సరుకు అయిపోయింది. ఆ తరవాత నన్ను బతికించినవి పాఠకుల ఉత్తరాలు. వారం వారం చామంతి ఆఫీసు నుంచి కట్ట వచ్చేది. అన్నీ 'అక్కా' అని మొదలయ్యేవి. సొంత అక్కకి చెప్పని సంగతులు ఆ పిల్లలు అచ్చులో చూసిన అక్కకి చెప్పుకునేవాళ్ళు. పొగిడిన వాళ్ళకి అచ్చు వేసిన కార్డు ఒకటి పంపేవాణ్ణి. ఏడ్చిన వాళ్ళకి మాత్రం చేత్తో జవాబు. కన్నీరు ఉన్నచోటే కదా కథ పండేది! ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క అధ్యాయానికి సరిపడా తీసుకుని, పేరు మార్చి, ఊరు మార్చి, చీర మార్చి చౌడయ్యకి అందించేవాణ్ణి. అదేం తప్పనిపించలేదు. వాళ్ళ గుండె బరువు దిగేది, నా పేజీ బరువెక్కేది.

తొమ్మిదో నవల సీరియల్‌గా మొదలైన రెండో వారంలో తెరేసమ్మ ఉత్తరం వచ్చింది.

చల్లపల్లి దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులమ్మ. ఇరవై ఆరేళ్ళు. ఆర్సీయం, అంటే రోమన్ కాథలిక్కుల అమ్మాయి. నాలుగేళ్ళ కిందట సొలొమోను అనే కుర్రాణ్ణి ఇష్టపడింది. అతను విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు, ప్రొటెస్టంటు. గుళ్ళు వేరని రెండిళ్ళ వాళ్ళూ ఒప్పుకోలేదు. అతనికి గుడివాడలో పెళ్ళయిపోయింది. అతను ఇచ్చిన వస్తువంటూ ఒక్కటే మిగిలింది: లారీ చక్రంలోంచి తీసిన పాత బేరింగు. వేలితో తిప్పితే చాలాసేపు తిరుగుతుంది. పిల్లల పరీక్ష కాగితాలు ఎగిరిపోకుండా దాన్ని బడిలో తన బల్ల మీద పెట్టుకుంది.

ఇప్పుడు మంచి సంబంధం వచ్చింది. బాలశౌరి. చల్లపల్లిలో మందుల కొట్టు. నెమ్మదస్తుడు. ఆవిడకీ నచ్చాడు. 'అక్కా, పాత సంగతి ఆయనకి ముందే చెప్పేద్దామనుకుంటున్నాను. చెప్పమంటావా?' అని రాసింది.

నేను చదివి, వంటింట్లోకి కేక వేశాను. "ఏమేవ్, పెళ్ళికి ముందో ప్రేమ ఉందనుకో. కాబోయేవాడికి చెప్పాలా, దాచాలా?"

"చెప్పేస్తే సరి. అందులో దాచడానికేముంది?"

"చెప్పేస్తే కథ మూడో వారంలోనే అయిపోతుందే!"

"మీ కథ సంగతి నాకేం తెలుసు?" అంది.

ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. పదహారు వారాల సీరియల్‌కి ఒక రహస్యం కావాలి. ఆ రహస్యం మోస్తూ ఒక మనిషి ఎలా నవ్వుతుంది, ఎలా ఉలిక్కిపడుతుంది, ఎలా నిద్రపోతుంది? ఇవన్నీ నాకు తెలియాలి. నేను తెరేసమ్మకి రాశాను: 'ఇప్పుడే తొందరపడకు చెల్లీ. మగవాళ్ళ మనసు గాజుకుప్పె. ఇంకొన్నాళ్ళు ఆగు.' మగవాళ్ళ మనసు గురించి అంత ధీమాగా రాసిన ఆడది ఆంధ్రదేశంలో ఇంకొకతి లేదు.

తెరేసమ్మ ఆగింది. ఆగుతూ రాసింది. ఒకరోజు బాలశౌరి బడికి వచ్చి, బేరింగు చేత్తో తిప్పి, ఇదేంటని అడిగాడట. 'నువ్వు ఆగమన్నావుగా అక్కా. ఏదో పాత సామాన్లలో దొరికిందని అబద్ధమాడాను. ఆ రాత్రి జ్వరమొచ్చింది' అని రాసింది. ఆ జ్వరానికి ఓదార్పు రాశాను, దాచిన వస్తువేమిటో పాఠకులకి అప్పుడే చెప్పకుండా ఆ అబద్ధానికి రెండు అధ్యాయాలు రాశాను. చౌడయ్య ఇంటికే వచ్చాడు. "పట్టు చీరలా వచ్చిందండీ! ఇంకో అయిదు వారాలు లాగండి" అన్నాడు. మొత్తం అయిదు నెలలు లాగాను.

అన్నీ మార్చాను. తెరేసమ్మని నీరజ చేశాను, బడిని బ్యాంకు చేశాను, మెకానిక్కుని ఇంజనీరు చేశాను. బేరింగు మాత్రం మార్చలేకపోయాను. దానికి బదులు ఉంగరం పెట్టి చూశాను, ఎండిన గులాబీ పెట్టి చూశాను. అవి ఎవరి నవలలోనైనా ఉంటాయి. వేలితో తిప్పితే తిరిగే ఇనుప చక్రం నా ఒక్కడికే దొరికింది. ఆ ఒక్కటీ అలాగే ఉంచేశాను.

ఆర్సీయం వాళ్ళలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు గుళ్ళో ఫాదరుగారు వధూవరుల పేర్లు చాటుతారట. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆ లోగా చెప్పుకోవాలి. ఈ సంగతి నాకు తెలియదు. తెరేసమ్మకి రెండు చాటింపులయ్యాయి. మూడో ఆదివారం లోపల గురువారం వచ్చింది. ఆ గురువారం చామంతిలో నీరజ మొదటిసారి బేరింగు బయటికి తీసి, తిప్పుతూ పాత ప్రియుణ్ణి తలుచుకుంది. గుళ్ళో చాటింపు ఒక ఊరికే వినపడుతుంది. నాది నాలుగు జిల్లాలకి వినపడింది.

శుక్రవారం పొద్దున మా తలుపు తట్టారు. తెల్ల చీర కట్టుకున్న సన్నపాటి మనిషి. చేతిసంచిలో నా ఉత్తరాల కట్ట. చామంతి ఆఫీసులో బతిమాలి మా ఇంటి చిరునామా పట్టుకుందట.

"పూర్ణిమక్క ఉన్నారాండీ? మీరు బావగారనుకుంటా."

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ గరిటెతో బయటికి వచ్చింది. ఫొటోలో మొహం ఇరవయ్యేళ్ళ తరవాత కూడా అంతో ఇంతో ఆ మొహమే. తెరేసమ్మ ఆవిడ భుజం మీద పడి ఏడ్చింది.

"రాస్తే రాశావులే అక్కా. నీ బాధ నీది. బడిలో అందరూ చదివేశారు. ఆయనా చదివాడు. నిన్న సాయంత్రం కబురుపెట్టాడు, 'నాతో అబద్ధమెందుకాడావు, అదొక్కటి చెప్పు' అని. పాతది ఉన్నందుక్కాదక్కా ఆయన బాధ, దాచినందుకు. నేను చెబుతానన్నా నువ్వే ఆగమన్నావని వచ్చి ఒక్క మాట చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు. నువ్వంటే వాళ్ళింట్లో చాలా గౌరవం."

మా ఆవిడ ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నేను చెప్పెయ్యమన్నానుగా?"

"అది కథనుకుని చెప్పావు."

"మీరూ కథనుకునేగా రాశారు."

ఆవిడ పొయ్యి ఆర్పి, చెంగుకి చేతులు తుడుచుకుంది.

"నేనెళ్తాను. ఆగమంది నేనేనని చెబుతాను" అంది. "ఆ ఉత్తరాలు మగాడికి రాసిందని తెలిస్తే ఆ పిల్ల బతుకేం కాను? మీరు నోరు మూసుకుని రండి."

చల్లపల్లి బస్సులో వాళ్ళిద్దరూ ముందు, నేను వెనక. ఉయ్యూరు దాకా ఆ అమ్మాయి మా ఆవిడ చెయ్యి వదల్లేదు.

బాలశౌరి మందుల కొట్టు బజారులో ఉంది. పొడుగాటి మనిషి, ముందు వేపు కాస్త బట్టతల. మమ్మల్ని చూసి లేచి నిలబడి బల్ల చూపించాడు. మా ఆవిడ కూర్చోలేదు.

"బాబూ, తెరేసమ్మ ముందే చెబుతానంది. వద్దని ఆపింది నేను. అబద్ధమాడించిందీ నేనే. తప్పు నాది, ఆ పిల్లది కాదు."

తెరేసమ్మ సంచిలోంచి ఉత్తరాలు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన పై ఉత్తరం చదివాడు. 'ఇంకొన్నాళ్ళు ఆగు' అన్న చోట వేలు ఆపాడు. ఆ వేలి కింద నా బతుకంతా ఉన్నట్టుంది.

"ఇంత చిన్న సంగతి" అన్నాడు తెరేసమ్మతో. "నాకు నిన్ననే చెప్పి ఉంటే నిద్రన్నా పట్టేదిగా." నవ్వాడు. ఆవిడ నవ్వింది. నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను.

బాలశౌరి సొరుగులోంచి చామంతి తీశాడు. "మా అమ్మకి కళ్ళు ఆనవండి. మీ సీరియల్ వారం వారం నేనే చదివి వినిపిస్తా. 'దానమ్మకి' అని అమ్మ పేరు రాసి ఒక్క సంతకం చెయ్యండి. పండగ చేసుకుంటది."

మా ఆవిడ నా వైపు చూసింది. అయిదో క్లాసు చదువు. పలక మీద రాసినట్టు ఒక్కో అక్షరమూ పెద్దగా, విడివిడిగా, ఒత్తి రాస్తుంది. అలాగే రాసింది. బాలశౌరి తీసుకుని చూశాడు. పక్కనే నా ఉత్తరం తెరిచి ఉంది. రోజంతా డాక్టర్ల గిలుకుళ్ళు చదివి మందులిచ్చే మనిషి. ఆయనకి రాతల సంగతి ఒకరు చెప్పాలా?

"ఇది మీ రాత కాదే" అన్నాడు ఉత్తరం ఎత్తి.

మా ఆవిడ కలం బల్ల మీద పెట్టేసింది. తరవాత తల వంచుకుని, "కాదు బాబూ. ఈయనది" అంది.

దగ్గుమందుకి వచ్చిన ముసలాయన సీసా పట్టుకుని నిలబడిపోయాడు.

"అంటే అయిదు నెలల్నించీ..." బాలశౌరి మాట పూర్తి చేయలేదు. తెరేసమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నా నెరిసిన జుట్టు, నా చొక్కా జేబులో కలం, అన్నీ చూశాడు.

తెరేసమ్మ నా దగ్గరికి వచ్చింది. మెల్లిగా అడిగింది.

"జ్వరమొచ్చినప్పుడు రాశారే, 'నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకోవే పిచ్చిదానా' అని. అదీ మీరేనా బావగారూ?"

"నేనేనమ్మా."

ఆవిడ తల ఊపింది. పిల్లవాడు తప్పు లెక్క చేస్తే పంతులమ్మలు ఊపేటట్టు.

బాలశౌరి చామంతి మడిచి సొరుగులో పెట్టేశాడు. "నువ్వు తప్పు చేశావనడంలేదు తెరేసా. నీకూ తెలీదుగా. కాని ఊళ్ళో... అమ్మకేం చెప్పాలి? ఎల్లుండి చాటింపు ఆపమని ఫాదరుగారితో అంటాను. ఒక్క వారం. ఆలోచించుకోనీ. వచ్చే వారం చెబుతా."

"మీరు కూడా వచ్చే వారమంటారేంటండీ?" అంది తెరేసమ్మ.

గొంతు పెంచలేదు. ఏడవలేదు.

"అయిదు నెలలు వారం వారం ఆగాను. ఇంక నావల్ల కాదు. ఎల్లుండే కాదు, అసలుకే ఆపెయ్యమని ఫాదరుగారితో నేనే చెబుతా. మీకా శ్రమ వద్దు."

ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆవిడ మెట్లు దిగింది. ఎండలో బజారు దాటి, బడి ఉన్న పల్లె వైపు మలుపు తిరిగింది. బాలశౌరి గడప దగ్గరే నిలబడ్డాడు. పిలవలేదు. ముసలాయన దగ్గి, సీసా బల్ల మీద పెట్టాడు.

ఉత్తరాల కోసం నేను చెయ్యి చాచాను. "ముట్టుకోకండి" అంది మా ఆవిడ.

తిరుగు బస్సులో ఆవిడ ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. వెనక్కి తిరగలేదు. నేను కిటికీ పక్కన కూర్చుని వరిచేలు చూస్తున్నాను. నా వల్ల ఒక ఆడపిల్ల పెళ్ళి చెడిపోయింది. నిజంగానే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఒట్టు.

కూచిపూడి దాటాక పామర్రు వచ్చింది. పామర్రు దాటేసరికి, 'మీరు కూడా వచ్చే వారమంటారేంటండీ' అన్న మాట ఇరవై రెండో అధ్యాయం చివర పెడితే ఎలా ఉంటుందా అని చూసుకుంటున్నాను. అద్భుతంగా ఉంది. మరిచిపోతానేమోనని కలం తీసి బస్సు టిక్కెట్టు వెనక రాసుకున్నాను.

ఆ అధ్యాయం అచ్చయిన వారం వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ ఆ మాటనే మెచ్చుకున్నారు. ఆడదాని మనసు ఆడదానికి గాని తెలియదన్నారు.