పువ్వు బొమ్మ అడిగిన ప్రశ్న

లిఫ్టుల కంపెనీలో సూపర్వైజరుగా ఉన్నన్నాళ్లూ అతన్ని అందరూ చెవుల మాస్టారు అనేవారు. మూసిన తలుపుకి చెవి ఆనించి, లోపలి చప్పుడు విని, లోపం ఎక్కడుందో చెప్పేసేవాడు. కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులు పాతవాళ్లను ఒక్కొక్కరినే సాగనంపుతూ అతని దాకా వచ్చారు. యాభై దాటిన మనిషి, ఉద్యోగం పోయి ఇంటికొచ్చి, ఏం చెయ్యాలో తోచక ఇంట్లో కుళాయిలన్నీ విప్పి మళ్లీ బిగించాడు. అంతకుముందు కారనిది కూడా ఒకటి కారడం మొదలుపెట్టింది.

ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు బావమరిది రంగంలోకి దిగాడు. ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీలో పని అతనికి, మాటలతో కోటలు కట్టగలడు.

"పని వచ్చని నీకు తెలిస్తే చాలదు బావా. నీ మొహం చూడనివాళ్లకి కూడా తెలియాలి. ఫోన్లో నీకంటూ ఒక పేరు తెచ్చుకోవాలి" అన్నాడు.

ఉన్న పేరు చాలదా అని మాస్టారు గొణిగాడు. భార్య మాత్రం తమ్ముడి పక్షాన నిలబడింది. తమ్ముడి కోటే మాస్టారికి తొడిగించి, బాల్కనీ గోడ ముందు నిలబెట్టి, ఇద్దరూ కలిసి ఫొటో తీశారు. చేతులు సగం దాకానే వచ్చిన ఆ కోటులో మాస్టారు పెళ్లిచూపులకి కూర్చున్నవాడిలా బిగుసుకుపోయాడు. ఫోన్లో మాస్టారి పేరున ఒక పేజీ తెరిచి, ఫొటో కింద బావమరిది 'భద్రతే నా ఊపిరి' అని రాశాడు. అది చూసి మాస్టారు సిగ్గుతో చచ్చిపోయాడు.

అయినా రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. లిఫ్టు ఎందుకు కుదుపుతుంది, మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యకూడదు, ఇలా తనకి తెలిసినవన్నీ తేలిక మాటల్లో పెట్టాడు. నెమ్మదిగా చదివేవాళ్లు పోగయ్యారు. అందులో ఒకరికి మొహం ఉండాల్సిన చోట పసుపు పువ్వు బొమ్మ ఉంది. పేరు లేదు. రోజూ విడిగా మెసేజ్ పెట్టి ఏదో ఒక సందేహం అడిగేవారు. మొదట్లో మాస్టారు పొంగిపోయి పేజీల కొద్దీ జవాబులు రాశాడు.

రానురాను ఆ ప్రశ్నలు అతనికి గుచ్చుకోసాగాయి. పువ్వు బొమ్మ అడిగే మోటారు రకం తన పాత కంపెనీ తప్ప ఇంకెవరూ బిగించరు. బయటివాళ్లకి ఆ సంగతులు ఎలా తెలుస్తాయి? ఉద్యోగం మానిపించిన రోజున, కంపెనీ గుట్లు బయటపెట్టనని అతని చేత సంతకం చేయించుకున్నారు. ఇప్పుడు వాళ్లే మనిషిని పెట్టి కూపీ లాగుతున్నారా?

భార్యకి వేరే అనుమానం పట్టుకుంది. ఆ పువ్వు ఆడమనిషా, మగమనిషా అని ఆరా తీసింది. నాకేం తెలుసే అన్నాడు. ఆ తర్వాత ఫోను మోగినప్పుడల్లా ఆమె ఓరగా చూసేది. బావమరిదేమో ఇలాంటివాళ్లు నీ జవాబులు ఏరుకుని తమ పేరున వేసుకుంటారు, జాగ్రత్త బావా అని హెచ్చరించాడు. మాస్టారు అతన్నీ వదల్లేదు. తనని ఉత్సాహపరచడానికి ఇతనే దొంగ పేరుతో అడుగుతున్నాడేమో అని నాలుగు మాటలు కదిపి చూశాడు. అతనికి లిఫ్టుకీ పంపుకీ తేడా తెలియదని తేలాక వదిలేశాడు.

ఒకరోజు పొద్దున్నే పువ్వు బొమ్మ నుంచి మళ్లీ ప్రశ్న వచ్చింది. జనం నిండా ఎక్కినప్పుడు లిఫ్టు గడప కంటే కిందికి దిగి ఆగుతోందట, ఖాళీగా ఉంటే సరిగ్గానే ఆగుతోందట. ఏం చెయ్యాలి?

బ్రేకు అరిగిందని మాస్టారికి చదవగానే తెలిసింది. వెంటనే ఆపేసి చూడాలి. కానీ ఆ క్షణాన అతని బుర్రలో దొంగని పట్టుకోవాలన్న పంతమే తిరుగుతోంది. తప్పు జవాబు ఇస్తే అది ఎక్కడ అచ్చవుతుందో చూసి దొరకబుచ్చుకోవచ్చు. సెన్సరు కాస్త జరిపితే చాలు, లిఫ్టు ఆపక్కర్లేదు అని రాసి పంపేశాడు.

క్షణంలో జవాబొచ్చింది. "చాలా థాంక్సండీ. ఇవాళే చేయిస్తాను."

ఇవాళే అన్న మాటని మాస్టారు మళ్లీ చదివాడు. అంతసేపూ అతను దాన్ని మాటలుగానే చూశాడు. దాని వెనక నిజంగా ఒక లిఫ్టు ఉంది, అందులోకి ఎక్కే మనుషులున్నారు. వద్దు, ఆపేయండి, నేను రాసింది తప్పు అని గబగబా పంపాడు. అవతల ఎవరూ చదవలేదు. ఇక చస్తే చెయ్యకూడదనుకున్న పాత ఆఫీసుకే ఫోన్ చేశాడు.

ఎత్తింది ఒకప్పటి అతని కింది ఉద్యోగి. మాస్టారి దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు అతని కుర్చీలోనే కూర్చున్నాడు. మాస్టారు క్షేమసమాచారాలైనా అడక్కుండా, మీ లిఫ్టుల్లో ఏదైనా బరువుకి దిగిపోతుంటే ముందు దాన్ని ఆపమన్నాడు.

"అడిగింది నేనే సార్. మిమ్మల్ని తీసేసిన కుర్చీలో కూర్చుని, నా పేరుతో మిమ్మల్ని అడగడానికి మొహం చెల్లలేదు" అన్నాడు.

తను రాసి పంపింది తప్పనీ, ముందు బ్రేకు చూడమనీ మాస్టారు చెప్పాడు.

"మీరు పొరబడ్డారా, తెలిసే తప్పు చెప్పారా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "తెలిసే చెప్పాను" అన్నాడు.

"మీ మాట మీద నేను జనాన్ని ఎక్కించేవాణ్ణి" అని అతను ఫోన్ పెట్టేశాడు. ఆ లిఫ్టు ఆపేశారనీ, బ్రేకు పూర్తిగా అరిగిపోయి ఉందనీ మాస్టారికి తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

కొన్నాళ్లకి ఒక ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. అక్కడి మెయింటెనెన్సు మేనేజరు అతని రాతలు చదివిందట. మాటలన్నీ సాఫీగా సాగాక, పాత చోట మీ గురించి చెప్పగలిగేవాళ్ల నంబరు ఇవ్వమంది. పాతవాళ్లలో అక్కడ మిగిలింది తన కుర్చీలో కూర్చున్న ఆ శిష్యుడొక్కడే. మాస్టారు నంబరు ఇచ్చాడు గానీ, ఇక ఈ ఉద్యోగం గోవిందా అనుకుంటూ ఇంటికొచ్చాడు. జరిగినదంతా భార్యకి అప్పుడే చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఓదార్చనూ లేదు. చాలాసేపు అతని వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఆసుపత్రివాళ్లు మళ్లీ పిలిచారు.

"అతను మీ పనితనం గురించి చాలా చెప్పాడు. ఆ ఒక్కటీ కూడా చెప్పాడు. మీరే ఫోన్ చేసి ఆపించారనీ చెప్పాడు" అంది మేనేజరు. కాగితాలు సర్దుకుంటూ, ఉద్యోగం ఇస్తాననీ, కానీ తను చెప్పేదాకా అతను చేసిన ఏ పనినైనా ఇంకో ఇంజనీరు చూశాకే లిఫ్టు నడుస్తుందనీ చెప్పింది. ఇన్నేళ్ల అనుభవం ఒక్కసారి ఒళ్లు విరుచుకుని లేచింది. మాస్టారు దాన్ని కూర్చోబెట్టి, అలాగేనండి అన్నాడు.

మొదటిరోజే ఒక లిఫ్టు బ్రేకు సరిచేశాడు. కూతురి వయసున్న ఇంజనీరమ్మాయి వచ్చి, టార్చి వేసి, అతను బిగించిన ప్రతి బోల్టునీ మళ్లీ తిప్పి చూసింది. ఒకదాని దగ్గర ఆగి, ఇదెందుకు ఇలా ఉంది అని నిలదీసింది. మాస్టారికి ఒళ్లు మండింది. అయినా ఆమెకి సరిగ్గా కనిపించేలా పక్కకి జరిగి, ఎందుకో వివరంగా చెప్పాడు. ఆమె తల ఊపింది. ఊపి, మళ్లీ ఒకసారి తిప్పి చూసుకుంది.