పొడి గది

"దించమన్నాను కదా ఆ కెటిల్‌ని!" అన్నాడు అల్లాల్, ఇంకా గుమ్మం దాటకుండానే.

"దించింది నీ పెళ్లాం. ఎక్కించింది నేను," అంది యామ్నా పరుపు మీంచి. "నువ్వొచ్చి మళ్లీ దించు. మనకి పొద్దు పోవద్దూ?"

"ఇల్లంతా ఆవిరి స్నానాల హమ్మాం చేసి పెట్టావమ్మా. పక్కింటి వాళ్లని కూడా పిలువు, వీపులు రుద్దించుకుందురుగాని."

"నేను పోయిన రోజు నా వీపు రుద్దడానికి ఎవరో ఒకరు వస్తార్లేరా. అప్పుడు నీళ్లు కాగాయో లేదో చూసుకునే పని నాకుండదు."

మూలన కూర్చుని కొమ్మలకున్న పెద్దాకులు గిల్లుతున్న రహ్మా నవ్వబోయి, మొగుడి మొహం చూసి తల వంచుకుంది. అల్లాల్ చేతిగుడ్డతో కెటిల్ పిడి పట్టుకుని దించి, గడప అవతల వానలో పెట్టాడు. మూతలోంచి లేచిన ఆవిరి గుమ్మం దాకా వచ్చి, అక్కడ పొగమంచులో కలిసిపోయింది.

వారం రోజులుగా ఇదే తగువు. ఇంట్లో పొయ్యి ఉన్న గది అదొక్కటే. గోడలోకి కట్టిన రేకు పొయ్యి, దాని గొట్టం కప్పులోంచి బయటికి పోతుంది. ఆ గదిలోనే ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టి గంజాయి కొమ్మలు తలకిందులుగా వేలాడదీశారు. నడిచేవాళ్లు నడుము వంచి నడవాలి. యామ్నాకు ఆ ఇబ్బంది లేదు, ఆమె ఎలాగూ లేవడం తగ్గించింది. పొయ్యి పక్కనే పరుపు మీద, గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది. పడుకుంటే ఊపిరి అందదు. ఆవిరి పట్టినప్పుడు మాత్రం ఛాతీలో బిగుసుకున్నదేదో కాస్త వదులవుతుంది. పీల్చే మందు అయిపోయి చాలా రోజులైంది. అది కొనాలంటే పంట అమ్మాలి, పంట అమ్మాలంటే అది ఎండాలి, ఎండాలంటే గదిలో ఆవిరి ఉండకూడదు. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అల్లాల్ కెటిల్ దించుతూ పోయాడు, ఆమె ఎక్కిస్తూ పోయింది.

యామ్నా చేతికి అందిన కొమ్మను తిప్పి, పొయ్యి వైపున్న భాగాన్ని గోడవైపుకు మార్చింది. ఒకే వైపు వేడి తగిలితే పైన అట్టగట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఒక్కొక్క కొమ్మా తిప్పి, రెండు ఊపిర్లు తీసుకుని, ఇంకో కొమ్మ అందుకుంది. ఆమె చేతులు సన్నగా, నల్లగా ఉంటాయి. వేళ్ల సందుల్లో పట్టిన జిగురు ఎన్ని ఏళ్లుగా అక్కడుందో ఆమెకే తెలియదు. బూడిదతో తోమినా, ఆలివ్ నూనె రాసినా పోలేదు.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే అత్తగారు ఆమెను రేకుల కప్పు మీదికి ఎక్కించింది. అప్పుడు గంజాయంతా కప్పు మీదే ఎండేది. ఎర్రచారల గుడ్డ నడుముకు బిగించి, రంగు ఉన్ని కుచ్చుల టోపీ పెట్టుకుని, కాలే రేకుల మీద పొద్దున పరిచేది, మధ్యాహ్నం తిరగేసేది, సముద్రం వైపు నుంచి పొగమంచు పైకి రాకముందే మూట గట్టి దించేది. మొగుడు హమ్మాది కోతల రోజుల్లో ఇంట్లో ఉండేవాడు కాదు. పోలీసులు వస్తారని కొండమీద పడుకునేవాడు. పిల్లల్ని కన్నదీ, ఇద్దరిని పూడ్చిపెట్టిందీ ఎండబెట్టే పనుల మధ్యలోనే. ఒక ఏడాది హమ్మాది కొండ దిగి రాలేదు. వెళ్లి చూస్తే దేవదారు చెట్టు కింద నిద్రపోయినట్టే ఉన్నాడు. పూడ్చి వచ్చిన సాయంత్రం కూడా ఆమె కప్పెక్కింది. మంచు దిగుతోంది మరి.

ఆమెకు తెలిసిన విద్య ఒక్కటే. కొమ్మను చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో వంచేది. పుటుక్కుమంటే ఎండినట్టు. నాలుగిళ్ల వాళ్లు ఆమెను పిలుచుకుపోయేవారు. "యామ్నా చెవి పెట్టిందా?" అని అడిగి మూటలు కట్టేవారు.

అల్లాల్ ఈసారి ఊళ్లో అందరితోపాటు బయటి దేశపు విత్తనం వేశాడు. ఆ మొక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఆలస్యంగా పండుతుంది. కోతకొచ్చేసరికి కొండల మీద వానలు మొదలవుతాయి. పూగుత్తులు పిడికిలంత లావు. నీళ్లు తోడే మోటారు కోసం మేకల్ని అమ్మేశారు. ఈ ఏడు మొదటి కోతను ఆఖరి ఎండల్లో కప్పు మీద ఆరబెట్టారు. అల్లాల్ ఒక కొమ్మ తెచ్చి ఆమెకిచ్చాడు. ఆమె చెవి దగ్గర పెట్టుకుని వంచింది. పుటుక్కుమంది.

"కట్టెయ్యి," అంది.

కట్టి, పెట్టెల్లో కూరి, మూతలు బిగించారు. మళ్లీ తెరిచినప్పుడు తడిసిన గడ్డి కుళ్లిన వాసన గుప్పున కొట్టింది. గుత్తులు పైకి కరకరలాడుతూనే ఉన్నాయి. చీల్చి చూస్తే లోపల తెల్లటి బూజు, సాలెగూడులా. పాత మొక్కకు సన్నటి గుత్తులు, కాడ ఎండితే పువ్వూ ఎండినట్టే. దీనికి కాడ ఎండినా కడుపులో తడి మిగిలింది. సగం పంట. అల్లాల్ పెట్టెలన్నీ మోసుకెళ్లి లోయలో కుమ్మరించి వచ్చి, చేతులు కడుక్కుని, టీ అడిగాడు. ఆమెను ఒక్క మాట అనలేదు.

"తప్పు విత్తనానిది అత్తా," అంది ఆ రోజు రహ్మా.

ఆ మాటే అల్లాల్ అని ఉంటే బాగుండేది. ఆనాటి నుంచీ సాయంత్రం కొమ్మలు వంచి చూసుకునేది అతనే. ఆమెకు ఇవ్వడు. ఇప్పుడు తాళ్ల మీద ఉన్నదే ఈ ఏడాదికి మిగిలింది.

మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చింది. అల్లాల్ కట్టెలకు వెళ్లాడు. రహ్మా బట్టల మూట నెత్తిన పెట్టుకుని, గుమ్మంలో ఆగింది.

"కిటికీ తీసి పోనా?"

"వద్దు, మంచు లోపలికొస్తుంది. పొయ్యిలో రెండు పుల్లలు వేసి పో."

రహ్మా వేసి వెళ్లింది. యామ్నా కాసేపు ఓర్చుకుంది. ఊపిరి ఈల వేస్తోంది. భుజాలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి, లోపలికి మాత్రం ఏమీ పోవడం లేదు. వేలాడే కొమ్మల మధ్య కళ్లకు చీకట్లు కమ్మాయి. చివరికి చేతుల మీద, మోకాళ్ల మీద గడప దాకా పాకి కెటిల్ తెచ్చుకుంది. దాన్లో వాన నీళ్లు కొన్ని చేరాయి. అడవిపుదీనా గుప్పెడు వేసి పొయ్యి మీద పెట్టి, దుప్పటి కప్పుకుని దాని మీదికి వంగింది.

మొదటి ఆవిరికే దగ్గు తెగింది. గొంతులోంచి కఫం ఉండ ఊడిపడింది. ఆ తర్వాత ఊపిరి మామూలుగా, చిన్నప్పుడు కొండెక్కి దిగాక పీల్చినంత లోతుగా లోపలికి పోయింది. ఆమెకు ఏడుపొచ్చింది. అలాగే దుప్పటిలో కూర్చుని, నీళ్లు మరిగి మరిగి అడుగంటేదాకా పీలుస్తూనే ఉండిపోయింది.

దుప్పటి తీసేసరికి కిటికీ అద్దం మీద నీళ్లు కారుతున్నాయి. కిటికీ గట్టు మీద మట్టి మూకుడులో ఉప్పు ఉంటుంది. అది ఆమె అత్తగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. గాలి పొడిగా ఉంటే ఉప్పు రాలుతుంది, చెమ్మ ఉంటే ముద్ద కడుతుంది. యామ్నా వేలు పెట్టి చూసింది. పొద్దున పొడిపొడిగా రాలిన ఉప్పు వేలికి అంటుకుని తడిగా వచ్చింది.

తల మీదున్న కొమ్మను అందుకుని ఒక గుత్తిని నొక్కింది. నిన్న వేళ్ల మధ్య గరగరలాడినది ఇప్పుడు మెత్తగా అణిగి, మళ్లీ లేచింది. పక్కది నొక్కింది. దాని పక్కది. అన్నీ అంతే. పిడికిలంత గుత్తుల లోపల ఏం జరుగుతుందో ఇప్పుడామెకు తెలుసు.

వేలికి అంటిన ఉప్పును కొంగుకు తుడుచుకుంది. కెటిల్ దించి పొయ్యి పక్కన పెట్టింది.

చీకటి పడుతూనే అందరూ ఆ గదిలోనే భోజనానికి కూర్చున్నారు. వేరే ఎక్కడ కూర్చున్నా కప్పు కారుతుంది. బాక్లా చిక్కుడు పప్పు చారు, పైన ఆలివ్ నూనె, బార్లీ రొట్టె. అల్లాల్ పిల్లలిద్దరూ రొట్టె మెత్తటి భాగం కోసం మోచేతులతో పొడుచుకుంటున్నారు. అల్లాల్ తినే ముందు ఒక కొమ్మను వంచి చూశాడు. అది వంగింది కాని విరగలేదు. కెటిల్ వైపు చూశాడు. పళ్లెం దగ్గరికి వచ్చి రొట్టె తుంచుకున్నాడు.

"తిట్టరా," అంది యామ్నా.

"ఏముంది తిట్టడానికి? తిను."

ఆమె రొట్టె ముక్కను చారులో ముంచి, నోట్లో పెట్టుకోకుండా పట్టుకుంది.

"ఈ రాత్రి నుంచి మేకల గదిలో పడుకుంటాను," అంది. గొంతు పెంచలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది.

పిల్లలు పొడుచుకోవడం ఆపారు. మేకల గది వాకిలికి అవతల, వెనక గోడ కొండలోకి ఉంటుంది. చలికాలమంతా ఆ గోడ చెమ్మ కారుతుంది.

"అక్కడ పొయ్యి లేదు కదత్తా," అంది రహ్మా.

"మేకలకి ఉండేదా?"

"మేకలకి బొచ్చుండేది నానమ్మా," అన్నాడు చిన్నవాడు.

"నాకు దుప్పటుంది."

రహ్మా మొగుడి వంక చూసింది. అల్లాల్ తల్లి వంక చూడలేదు. తలెత్తి తాళ్లను చూశాడు, ఈ చివర నుంచి ఆ చివర దాకా, నెమ్మదిగా. అతను వద్దంటాడని గదిలో అందరూ ఎదురుచూశారు. యామ్నా కూడా.

"ఇది ఎండగానే వచ్చేద్దువుగాని," అన్నాడు.

"అంతే కదా," అందామె. అప్పుడు రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది.

భోజనాలయ్యాక అల్లాల్ పరుపు చుట్టి భుజాన వేసుకున్నాడు. చిన్నవాడు దుప్పటి పట్టుకున్నాడు. యామ్నా గోడ పట్టుకుని లేచి, కొమ్మల కింద నుంచి నడుము వంచుకుని గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగి, దారిలో ఉన్న ఒక కొమ్మను గోడవైపు నుంచి పొయ్యి వైపుకు తిప్పి, బయటికి వెళ్లింది. వాకిట్లో ఆమె దగ్గు కాసేపు వినిపించింది. మేకల గది తలుపు రాపాడిన చప్పుడైంది. తర్వాత వాన చప్పుడొక్కటే.

రహ్మా పొయ్యిలో కట్టె వేసి, పక్కనున్న కెటిల్ అందుకుంది. అడుగున మిగిలిన ఆకుల్ని బయట పారబోసి, లోపల పొడిగుడ్డతో తుడిచి, కిటికీ గట్టు మీద ఉప్పు మూకుడు పక్కన బోర్లించింది. దాని అంచు చుట్టూ గట్టు చెక్క మీద సన్నటి తడి వలయం ఒకటి ఏర్పడి, పొయ్యి వేడికి మెల్లగా ఆరిపోసాగింది.