మిషన్‌కు నొసలెక్కడ

మా ఇంట్లో చెట్లు కోసే మిషన్ ఒకటి ఉంది. ఈ మధ్య అది మొదలైనప్పుడు పొయ్యి మీద పాలు పెడితే, పాలు పొంగేలోపే ఆగిపోతోంది. కాసేపు పక్కన పడేస్తే మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేస్తుంది. వంటకట్టెలు కోసుకునే రోజుల్లో దాని వేషాలను ఎవరూ పట్టించుకోలేదు. మొన్నటి గాలికి పొలం బాటకు అడ్డంగా తుమ్మచెట్టు కూలాక మాత్రం ఇంటిల్లిపాదికీ దాని జబ్బే పట్టింపయింది.

బాట అవతల మా వరి ఉంది. కంకులు వంగి, తాకితే గింజ రాలేలా ఉన్నాయి. హార్వెస్టర్ నడిపే శేఖర్ మల్దకల్ వైపు కోతలు ముగించుకుని సాయంత్రానికి వస్తానన్నాడు. బాట లేకపోతే ఆగననీ, అటునుంచి అటే పెబ్బేరు పోతాననీ ముందే చెప్పాడు. పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. తూర్పున మబ్బు కమ్ముతోంది. ఇంకొక్క వాన పడితే పైరు నేలకొరిగి, గింజ బురదలోనే మొలకెత్తుతుంది. జేసీబీ వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. ఊరివాళ్ళ రెండో మిషన్ గద్వాలకు రిపేరుకు పోయింది. మిగిలింది మాదే.

నేను రొట్టెలు పట్టుకుని పోయేసరికి రెండు కొమ్మలు తెగి పడున్నాయి. మొద్దు మాత్రం బాట మీద దర్జాగా పడుకునే ఉంది. మా ఆయన సుదర్శన్ మిషన్‌ను గోనెసంచి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మరిది రాఘవేందర్ ప్లగ్గు తీసి కత్తిమొనతో గీకుతున్నాడు. పక్క పొలం నర్సింహులు మామ గట్టు మీద నుంచి సలహాలు ఇస్తున్నాడు. ఆయన ఎన్నడూ మిషన్ పట్టింది లేదు. కానీ గద్వాలలో ఒకప్పుడు మెకానిక్ దుకాణం పక్కనే టీ అమ్మాడు. ఆ చదువు ఇంకా పనికొస్తోంది.

మా అత్తమ్మ నాగేంద్రమ్మ కూడా అక్కడే ఉంది, కుంకుమ భరిణెతో సహా. చాలా ఏళ్ళ కింద గొడ్డలి జారి చిన్న కొడుకు పాదానికి గాయమైంది. అప్పటి నుంచి పదునున్న ఏ వస్తువునూ బొట్టు పెట్టకుండా ఆమె కొడుకుల చేతికి ఇవ్వదు. దసరాకు మిషన్‌కు పసుపు, గంధం, కుంకుమ దండిగా పూసింది. ఆ తర్వాత అది మొరాయించిన ప్రతిసారీ దిష్టి తగిలిందని ఇంకో బొట్టు.

రాఘవేందర్ ప్లగ్గు బిగించి తాడు లాగాడు. మిషన్ లేచింది. చూశారా, ప్లగ్గులోనే ఉందన్నాడు. కాసేపటికి ఆగింది. నర్సింహులు మామ కార్బొరేటర్ స్క్రూ తిప్పించాడు. మళ్ళీ లేచింది. ఇక ఆయన మొహం చూడాలి. మళ్ళీ ఆగింది. మా ఆయన ఫిల్టర్ కడిగి ఆరబెట్టాడు, పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ తక్కువైందేమోనని ఉన్నది పారబోసి కొత్తగా కలిపి పోశాడు. అప్పుడూ అంతే. ఎవరు చివరగా చెయ్యి పెడితే వాళ్ళ వైద్యం పనిచేసినట్టు, ఆగగానే అవతలివాళ్ళ చెయ్యి చెడ్డదైనట్టు.

"గింతసేపట్ల మీ తాత గొడ్డలితోని నరికి ఇంటికి వోయి పండుకుంటుండె" అన్నాడు నర్సింహులు మామ.

"గా గొడ్డలి నీకిస్త మామా, రా, నువ్వు నరుకు" అన్నాడు మా మరిది. మామ వెంటనే కాలినొప్పి గుర్తు చేసుకున్నాడు.

నేను రొట్టెలు పెడుతూ చూస్తున్నాను. వీళ్ళు ఏం విప్పినా, ఏం బిగించినా అది నడిచేది అంతే, ఆగేది అంతే. అంటే ఇంతవరకూ ఎవరి వైద్యమూ పనిచేయలేదు. కాకపోతే ఒక తేడా. ఊరికే వదిలేస్తే లేవడానికి చాలాసేపు పడుతోంది. మా ఆయన పెట్రోల్ ఉందో లేదో చూడ్డానికి మూత తీస్తే మాత్రం వెంటనే లేస్తోంది. మూత తీసేటప్పుడు అతను పళ్ళు బిగిస్తున్నాడు. తీయగానే హుస్సుమని చిన్న శబ్దం.

ఆ శబ్దం నాకు తెలుసు. వేడి బువ్వ స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే, చల్లారాక రాదు. లోపల గాలి కరువై మూతను పట్టుకుంటుంది. అంచు కాస్త ఎత్తితే హుస్సుమని వదులుతుంది. పెట్రోల్ తగ్గే కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి కదా. రాకపోతే పెట్రోల్ మాత్రం ఎట్లా దిగుతుంది?

అత్తమ్మ రొట్టె తీసుకుని నీడకు పోయింది. ఈసారి మిషన్ ఆగబోతుండగా మూత సడలించి చూడమన్నాను. మా ఆయన నన్ను అదోలా చూసినా, మిషన్ నేల మీదే పెట్టి, గొంతు తగ్గుతుండగా మూత కొంచెం తిప్పాడు. చచ్చేది కాస్తా మళ్ళీ రయ్యిమంది. నర్సింహులు మామ నమలడం ఆపాడు.

కానీ మూత వదులుగా ఉంచి చెట్టు కోయలేం, వంచితే పెట్రోల్ కారుతుంది. మిషన్ ఆపి, మూత తీసి చేతిలోకి తీసుకున్నాను. పసుపు మీద గంధం, గంధం మీద కుంకుమ, దాని మీద నూనె, దాని మీద మళ్ళీ కుంకుమ. గోటితో గీరితే అట్టలా లేచింది. కింద సూది బెజ్జమంత రంధ్రం. గాజులకు పెట్టుకున్న పిన్నీసు తీసి పొడిచాను. ఎర్రటి పొడి రాలింది. మూత తుడిచి మళ్ళీ బిగించాను.

ముగ్గురు మగవాళ్ళూ నీడ వైపు చూశారు. తర్వాత నన్ను చూశారు. చెప్పే పని నాదేనని అర్థమైంది.

అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, మిషన్‌ను చూసి నిలబడిపోయింది.

"బొట్టు ఎవరు తుడిచిండ్రు? బోడి నొసలుతోని కొడుకు చేతికెట్ల ఇస్తరు?" అని భరిణె తెరిచింది. వేలు నేరుగా మూత మీదికే పోతోంది.

ఇప్పుడు ఊరుకుంటే మళ్ళీ మొదటికే. బొట్టు వల్లే మిషన్ ఆగిందంటే, ఆమె ఇన్నాళ్ళ భయాన్ని నలుగురిలో నవ్వులపాలు చేసినట్టు. ఆమె చేతిని మెల్లగా పట్టుకున్నాను.

"అత్తమ్మా, గది దాని ముక్కు. గక్కడికెంచే గాలి పీలుస్తది. బొట్టు ముక్కుకు పెట్టం గద, నొసలుకు పెడ్తం."

ఆమె మూత మీదికి వంగింది. నేను చూపిన రంధ్రాన్ని వేలితో తడిమింది.

"ఇన్నొద్దుల సంది దాని ముక్కు మూసిన్నా నేను?" అంది. కోపం నా మీదో, తన మీదో తెలియలేదు. "మరి దీనికి నొసలు యాడున్నది?"

నర్సింహులు మామ ప్లగ్గు పైన అన్నాడు. రాఘవేందర్ తాడు దగ్గర అన్నాడు. చివరికి మా ఆయన పిడి ముందున్న అడ్డురేకు చూపించాడు. చెయ్యి జారినా కోసే గొలుసు మీద పడకుండా కాపాడేది అదేనన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చింది. రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, మిషన్‌ను ఆమే ఎత్తి కొడుకు చేతికిచ్చింది.

ఇక అది ఆగలేదు. పొట్టు ఎగజిమ్ముతూ మొద్దులోకి దిగింది. తెగిన ముక్కలను అన్నదమ్ములు గడ్డపారతో పక్కకు దొర్లించారు. కాలినొప్పి మామ కూడా ఒక చెయ్యి వేశాడు. ఆఖరి ముక్క బాట దిగేసరికి దూరంగా హార్వెస్టర్ చప్పుడు వినిపించింది.

శేఖర్ బాట మీదికి తిప్పాడు. ఎదురుగా అత్తమ్మ నిలబడి ఉంది, భరిణెతో. అతను హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. పెద్దమ్మా, మబ్బు పట్టింది, జరగమని అతను పైనుంచి బతిమాలాడు.

"జరుగుత గని, దీని ముక్కు యాడున్నదో జెప్పు బిడ్డా" అంది.

శేఖర్ మా వైపు చూశాడు. రాఘవేందర్ అటు తిరిగి భుజాలు అదురుతుండగా నిలబడ్డాడు. గాలి ఎక్కడ పీలుస్తుందో చూపించమని మా ఆయన కేకేశాడు. శేఖర్ అయోమయంగా పైనున్న గొట్టం చూపించాడు. అత్తమ్మ దానికేసి ఒకసారి, ముందు రేకుకేసి ఒకసారి చూసి, దూరం సరిపోతుందని నిర్ధారించుకుని, రేకు మీద బొట్టు పెట్టి పక్కకు జరిగింది.

"ఇగ పో" అంది.

హార్వెస్టర్ వరిలోకి దిగింది.