ఫ్రిజ్ మీద కాగితం

వీరదుర్గ ఇంట్లో రెండేళ్లుగా ఎవరూ పిల్లతో పూర్తి వాక్యం మాట్లాడలేదు. ఆ నియమం పెట్టింది ఆవిడే. ద్రాక్షారామం బళ్లో టీచరు, ఒకసారి అందంటే ఇక తిరుగులేదు. ఐదేళ్లొచ్చినా కూతురు దుర్గాశ్రీకి రెండు మాటలు కలిపి అనడం రాదు. పొడుగు మాటలు అలాంటి పిల్లల బుర్రకి ఎక్కవని ఏదో వీడియోలో విని, "నీళ్లు, అన్నం, పడుకో" లాంటి ఒంటి మాటలే పిల్లతో అనాలని కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించింది.

అత్తగారు రత్నమాణిక్యానికి మాట్లాడకపోతే అన్నం సయించదు. పిల్ల నాలుక్కి రోజూ వస అరగదీసి రాసేది, మాటలొస్తాయని. కోడలు ఆవిడ నోటికీ తాళం వేసేసింది. పాపం, మనవరాలికి చెప్పాల్సిన కథలన్నీ పెరట్లో గేదెకి చెప్పుకునేది.

రాజమండ్రిలో పిల్లలకి మాటల వైద్యం చేసే డేనియల్ గారు తలకి వైర్ల టోపీ పెట్టి పరీక్ష చేస్తారని తెలిసి ముగ్గురూ వెళ్లారు. పిల్ల బుర్రకి వాక్యాలు అందడం లేదని తేలితే కాకినాడలో ప్రత్యేక హాస్టల్ బడికి పంపించేయాలని వీరదుర్గ నిశ్చయం. ఫారం కూడా నింపి బ్యాగులో పెట్టుకుంది.

పిల్ల బొమ్మలు చూస్తూ కూర్చుంటే, స్పీకర్లోంచి గంటసేపు వాక్యాలు వినిపించారు. ఆ తర్వాత డేనియల్ గారు తెర మీద రెండు గీతలు చూపించారు.

"ఈ గీత 'నాన్న వచ్చాడు' లాంటి మంచి వాక్యాలకండి. ఇది 'అమ్మ వచ్చాడు' లాంటి తప్పు వాక్యాలకి. ఎలా ఎగిరిందో చూడండి. తప్పుని పాప మెదడు పట్టేస్తోంది. ఈ ఒక్క పరీక్షతో అంతా చెప్పలేను గానీ, వాక్యం లోపలికి వెళ్తోంది, బయటికి రావడమే కష్టం. పాపతో నిండుగా మాట్లాడండి. తను ఒక మాట అంటే, మీరు ఇంకో నాలుగు కలిపి తిరిగి చెప్పండి."

వీరదుర్గ ఆ రెండు గీతల్నీ మార్చి మార్చి చూసింది. బళ్లో నలభైమంది పిల్లలకి రోజంతా పాఠం చెప్పి, ఇంటికొచ్చి కన్నకూతురి ముందు నోరు కుట్టేసుకుంది తను. నమ్మలేక ఎదురు ప్రశ్న వేసింది.

"మేం ఎవరం పాపతో అలా మాట్లాడనే లేదండి. మరి ఎక్కడ నేర్చుకుంది?"

"పాపతో మాట్లాడలేదు. పాప ముందు మాట్లాడారా?"

వీరదుర్గకి తన ఫోను కబుర్లు గుర్తొచ్చాయి. రోజూ సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని, ఫోనులో అక్కతో పిల్ల గురించి గంటలు గంటలు గోడు చెప్పుకునేది. దీనికేం తెలుస్తుందిలే అనుకునేది. పిల్ల పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండేది.

ఇంతలో దుర్గాశ్రీ బల్ల మీది బొమ్మ ఫోను తీసి చెవికి పెట్టుకుంది. అచ్చం తల్లిలాగే నిట్టూర్చి, ఆగి ఆగి, ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ అంది.

"దీన్ని... హాస్టల్లో... పడేస్తానక్కా. ఇంక... నా వల్ల కాదు."

మనవరాలు మాట్లాడిందని రత్నమాణిక్యం చేతులు జోడించబోయింది. ఏం మాట్లాడిందో తెలిసొచ్చి, ఆ చేతులతోనే నోరు మూసుకుంది.

వీరదుర్గ పిల్ల ముందు కూలబడింది. నిన్ను ఎక్కడికీ పంపనమ్మా, తప్పంతా నాదేనని చెప్పాలనుకుంది. రెండేళ్ల అలవాటు, నోటికి ఒక్క మాటే వచ్చింది.

"వద్దు."

దుర్గాశ్రీ ఫోను దించి, మిగతా మాటల కోసం తల్లి నోటి వంకే చూస్తూ ఉండిపోయింది.