నలభయ్యో క్లాజులో ఖాళీ

ఈ కథలో నా సొంత కల్పన ఆవగింజంత కూడా లేదు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడినవాణ్ణి కాను కనుక నమ్మి చదవండి.

ఆ ఉదయం ఆవిడ ఒక కన్ను పొయ్యి మీది పాలపైన వేసి, భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ, నోటితో బిల్లు వల్లె వేస్తోంది. చట్టసభలో ఓటింగుకు ముందు ప్రతి క్లాజునూ పైకి చదివి వినిపించడం ఆవిడ ఉద్యోగం. ఆ రోజు దేశమంతా ఎదురుచూస్తున్న ఆరోగ్య సంస్కరణల బిల్లు వంతు. దాని ముసాయిదా రాసినవాళ్ళలో ఆవిడ భర్త ఒకడు. నలభయ్యో క్లాజు దగ్గర ఆవిడ నోరాగింది. “ఆసుపత్రి నుంచి ముందుగా పంపిన రోగి సంరక్షణ ఇంట్లో ఖాళీగా ఉన్న స్త్రీ బాధ్యత.”

“ఇది మీరు రాసిందేనా?”

“మరి? ఆసుపత్రుల్లో మంచాలు కలిసొస్తాయని మంత్రిగారు భుజం తట్టారు తెలుసా! ఇది పాసైతే ఆసుపత్రిలో ఉన్న అమ్మను ఇంటికి పంపేస్తారు. నువ్వు ఉద్యోగం మానెయ్యాలి. చట్టమే చెబుతుంటే నేనేం చెయ్యను?”

“నేను ఖాళీగా ఉన్నానా?”

“సభ ఉన్నప్పుడేగా నీకు పని. మిగతాదంతా ఖాళీయేగా!”

పాలు పొంగిపోయాయి.

బస్సులో ఊచ పట్టుకుని నిలబడి ఆవిడ తన ఖాళీని వెతుక్కుంది. ఎక్కడ దాచిపెట్టుకుందో ఏమో, దొరకలేదు. అత్తగారి తుంటి విరిగినప్పటి నుంచి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కునికిన కునుకులా? టిఫిను డబ్బాలు కడుగుతూ క్లాజులు కంఠతా పట్టిన వేళలా? పెళ్ళైన కొత్తలో “మా కోడలికి గొంతు తప్ప ఇంకేం లేదు” అని అత్తగారు నలుగురిలో నవ్వింది. ఈవేళ ఆ గొంతుతోనే తన ఉరిశిక్ష తానే చదువుకోవాలి.

ఆ సభలో ఒక పద్ధతి ఉంది. కాగితంలో తేదీకో పేరుకో చోటు వదిలి ఉంటే, చదివే మనిషి “ఖాళీ” అని పైకి అని ఆగాలి. అక్కడ ఏం రాయాలో తేలేదాకా ఓటింగు ఉండదు.

“నలభయ్యో క్లాజు,” అందావిడ. సభలో సగం కునుకుతోంది. గ్యాలరీలో భర్త ఇస్త్రీ చొక్కా సవరించుకున్నాడు. “రోగి సంరక్షణ ఇంట్లో ఖాళీ” అనేసరికి పొలమారింది. దగ్గు మీద దగ్గు. నీళ్ళ గ్లాసు అందుకుంది.

స్పీకర్ తలెత్తారు. “ఖాళీయా? ఎవరు చూసుకోవాలో రాయలేదా?”

మంత్రి కాగితాలు తిరగేశారు. వెనక బెంచీలోని సభ్యురాలు, ఓ పెద్దావిడ, కళ్ళజోడు పెట్టుకుని తన బిల్లు ప్రతి చూసి పకపకా నవ్వారు. “రాశారండీ! ఖాళీగా ఉన్న స్త్రీ అట! మంత్రిగారూ, మీ ఇంట్లో అలాంటావిడ ఉంటే ఓసారి తీసుకురండి, చూసి తరిస్తాం!”

సభ గొల్లుమంది. కునుకులన్నీ వదిలాయి. క్లాజు కమిటీకి వెనక్కి పోయింది.

సాయంత్రం భర్త గుమ్మంలోనే అడ్డంపడ్డాడు. “సరిగ్గా అక్కడే ఆగాలా?”

“ఖాళీ వస్తే ఆగాలి. అదే నా పని.” ఆవిడ బ్యాగు దించి కుర్చీలో కూచుంది. “అత్తయ్య ఎప్పుడొచ్చినా సరే, సభ ఉన్నన్నాళ్ళూ మీరు సెలవు పెట్టండి. లేనప్పుడు నేను చూస్తాను. ముందా పొయ్యి తుడవండి, పాలు ఎండి అట్టకట్టాయి.”

ఇక నా గొప్పలు నేనే వెనక్కి తీసుకుంటాను. కల్పన ఒకటుంది. ఆవిడ ఉద్యోగానికి ఎసరొస్తుందేమోనని నేనే అతికించాను. ఆవిడకు పొలమారనే లేదు. నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు.